పాతర మూత: హిప్నాసిస్‌లో తాత్కాలికమైన మరుపు

హిప్నాసిస్‌లో ఉన్న మనిషికి రెండు సంగతులు చెబుతారు. మేలుకున్నాక ఇక్కడ జరిగినదేదీ గుర్తుకు రాదన్నది మొదటిది. ఫలానా సంకేతం వినిపించగానే అంతా తిరిగి గుర్తుకొస్తుందన్నది రెండోది. కొందరి విషయంలో సరిగ్గా అలాగే జరుగుతుంది. కళ్లు తెరుస్తారు, మంచినీళ్లు తాగుతారు, పక్కవారితో మామూలుగా మాట్లాడతారు. గడిచిన అరగంటలో ఏం చేశారని అడిగితే మాత్రం తడుముకుంటారు. ఒకటి రెండు ముక్కలు చెప్పి ఆగిపోతారు. ముందే చెప్పి ఉంచిన సంకేతం చెవిన పడగానే, అంతసేపూ దొరకని సంగతులన్నీ వరసగా బయటికొస్తాయి. మనోవిజ్ఞాన శాస్త్రంలో దీని పేరు హిప్నాసిస్ అనంతర మరుపు. ఇందులో మందు లేదు, మెదడుకు దెబ్బ లేదు, వయసుతో వచ్చే క్షీణతా లేదు. మాటతో వచ్చి మాటతో పోయే మరుపు ఇది.

మరిచిపోవడం, గుర్తుకు రాకపోవడం తెలుగులో ఒకటి కావు. ‘మరిచిపోయాను’ అన్నప్పుడు విషయం చేజారిందన్న అర్థం ఉంటుంది. ‘గుర్తుకు రావడం లేదు’, ‘తట్టడం లేదు’, ‘నోటిదాకా వచ్చి ఆగింది’ అన్నప్పుడు విషయం లోపలే ఉందనీ, రావలసి ఉండీ రాలేదనీ అర్థం. ఈ తేడాను రుజువు చేయడానికి ప్రయోగశాలలకు చాలా ఏళ్లు పట్టింది. జ్ఞాపకానికి మూడు దశలున్నాయి: లోపలికి తీసుకోవడం, నిలుపుకోవడం, అవసరమైనప్పుడు బయటికి తేవడం. హిప్నాసిస్ అనంతర మరుపు మొదటి రెండు దశలను ముట్టుకోదు. అది పనిచేసేది మూడో దశ మీదే.

ధాన్యం పాతరలను చూసిన రాయలసీమ రైతుకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. నేలలో గొయ్యి తవ్వి, గడ్డి పరిచి, జొన్నలు పోసి, మూతి మూసి మట్టి మెత్తితే పైన నడిచేవారికి అక్కడ గింజ ఉన్నట్టే తెలియదు. గింజ మాత్రం ఎక్కడికీ పోదు. హిప్నాసిస్ సూచన చేసే పని ఆ మూతి మూయడం వరకే. మూతి తెరిచినప్పుడు బయటికొచ్చేదంతా నిజంగా లోపల పోసిన గింజేనా అన్నది వేరే ప్రశ్న. అసలు చిక్కంతా ఆ ప్రశ్న దగ్గరే ఉంది.

హిప్నాసిస్ నిద్ర కాదు. నిద్ర అనే అర్థమున్న గ్రీకు మాట నుంచి ఆ పేరు పుట్టింది. మాంచెస్టర్ వైద్యుడు జేమ్స్ బ్రెయిడ్ 1841లో ఒక ప్రదర్శన చూసి, తరువాత సొంతంగా ప్రయోగాలు చేసి, 1843లో పుస్తకం రాసి ఆ పేరును వ్యాప్తిలోకి తెచ్చాడు. పేరు సరిగ్గా అతకలేదని తరువాత ఆయనకే అనిపించింది. తెలుగులో సమ్మోహనం, వశీకరణం అన్న మాటలు వాడుకలోకి వచ్చాయి. ఇవీ అంతగా అతకవు. వశీకరణం అనగానే ఒకరి మనసు మరొకరి చేతిలోకి వెళ్లిందన్న భావన కలుగుతుంది. నిజానికి ఈ స్థితిలో మనిషి దృష్టి ఒకచోట గాఢంగా నిలుస్తుంది, చుట్టూ ఉన్నవాటి మీద పట్టింపు తగ్గుతుంది, చెప్పిన సూచనకు అనుగుణంగా అనుభవం మారుతుంది. చేయి తేలికైపోతోందని చెబితే, తాను ఎత్తుతున్నట్టు కాక చేయి దానంతట అదే లేస్తున్నట్టు అనిపిస్తుంది. ఆ ‘దానంతట అదే’ అన్న అనుభవమే హిప్నాసిస్‌కు ప్రాణం. మరుపులోనూ ఇదే కనిపిస్తుంది. తాను గుర్తు చేసుకోవడం మానేశానని ఆ మనిషికి తోచదు. జ్ఞాపకమే రావడం లేదని తోస్తుంది.

తెలుగునాట ఈ విద్య ఎక్కువమందికి వేదికల మీదే పరిచయమైంది. ఇంద్రజాలికుడిగా మొదలై హిప్నాటిజం వైపు, ఆ తరువాత మనస్తత్వ సలహాల వైపు, వ్యక్తిత్వ వికాసం వైపు వచ్చిన బి.వి. పట్టాభిరామ్ ప్రదర్శనలు, పుస్తకాలు, పత్రికల శీర్షికలు రెండు మూడు తరాల పాఠకులకు హిప్నాటిజం అన్న మాటను ఇంటిమాట చేశాయి. హిప్నాటిజం మంత్రం కాదని తెలుగువారికి అర్థమయ్యేలా చెప్పడం చిన్న సేవ కాదు. అయితే వేదికకు ఒక పరిమితి ఉంది. చప్పట్ల మధ్య పిలిచినప్పుడు ముందుకొచ్చేవారు తేలిగ్గా స్పందించే స్వభావం ఉన్నవారే. వారిని చూసి మనుషులంతా అలాగే స్పందిస్తారని అనుకోకూడదు.

ఎవరు ఎంతగా స్పందిస్తారో కొలవడానికి స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఆండ్రే వైట్జెన్‌హోఫర్, ఎర్నెస్ట్ హిల్గార్డ్ 1959లో ఒక కొలమానం తయారుచేశారు. అందులో పన్నెండు అంశాలుంటాయి. శరీరం ఊగడం, చేయి బరువెక్కడం లాంటి తేలికైనవాటితో మొదలై మరుపుతో ముగుస్తుంది. హిప్నాసిస్ ముగిశాక ఏమేం జరిగాయో చెప్పమంటారు. తరువాత సంకేతం ఇచ్చి మళ్లీ చెప్పమంటారు. మొదటిసారి చాలా తక్కువ చెప్పి రెండోసారి మిగతావి చెప్పగలిగితే ఆ మరుపు నిజమని లెక్క. రెండోసారీ చెప్పలేకపోతే అది మామూలు మరుపో, శ్రద్ధ పెట్టకపోవడమో కావచ్చు. సంకేతంతో తిరిగి రావడమే దీనికి గీటురాయి. ఈ పరీక్షల్లో బాగా స్పందించేవారు పది పదిహేను శాతం వరకే ఉంటారు. దాదాపు అంతేమంది అసలు స్పందించరు. మిగిలిన ఎక్కువమంది మధ్యలో ఉంటారు. గాఢమైన మరుపు కనిపించేది మొదటి కొద్దిమందిలోనే.

ఈ మరుపు దేన్ని మూస్తుందో, దేన్ని మూయదో ఒక ఉదాహరణతో చూడవచ్చు. ప్యాపిలికి చెందిన ఒక మనిషి చేత హిప్నాసిస్‌లో కర్నూలు, వెల్దుర్తి, డోన్, ప్యాపిలి, గుత్తి, పామిడి, అనంతపురం అన్న పేర్లను వరసగా వల్లె వేయించి, ఆ తరువాత మరుపు సూచన ఇచ్చారనుకుందాం. మేలుకున్నాక ఇందాక ఏ పేర్లు చెప్పారని అడిగితే ఆయన ఆలోచనలో పడతాడు. డోన్ దాటి గుత్తి వైపు వెళ్తే మధ్యలో వచ్చే పెద్ద ఊరేదని అడిగితే తడుముకోకుండా ప్యాపిలి అంటాడు. సొంత ఊరు, జాతీయ రహదారి, బస్సు ఆగే చోటు ఏవీ పోలేదు. ‘ఈ పేర్లను నేను ఇందాక వల్లె వేశాను’ అన్న సంఘటన ఒక్కటే అందడం లేదు. మనోవిజ్ఞాన పరిశోధకుడు జాన్ కిల్‌స్ట్రమ్ 1980లో ప్రచురించిన ప్రయోగాలు చూపింది ఇదే. హిప్నాసిస్‌లో నేర్చుకున్న మాటల పట్టికను గుర్తుచేసుకోలేనివారిని, ఒక మాట వినగానే తోచిన మరో మాట చెప్పమంటే, ఆ పట్టికలోని మాటలే తేలిగ్గా చెప్పారు. నేర్చుకున్నదాని ప్రభావం లోపల పనిచేస్తూనే ఉంది. నేర్చుకున్నామన్న ఎరుక మాత్రం లేదు.

కిల్‌స్ట్రమ్‌కు చాలా ముందు క్లార్క్ హల్ ప్రయోగశాలలోనూ ఇలాంటి సంగతే బయటపడింది. మరుపు సూచన తరువాత ఏమీ చెప్పలేకపోయినవారికి అదే పాఠాన్ని మళ్లీ నేర్పితే, మొదటిసారికన్నా తక్కువ ప్రయత్నంతో వచ్చేసింది. లోపల లేనిది అంత త్వరగా రాదు. హల్ ఈ ఫలితాలను 1933లో వచ్చిన తన పుస్తకంలో చర్చించాడు. మంత్రవిద్య నీడలో ఉండిపోయిన ఈ విషయాన్ని గణాంకాల వెలుగులోకి తెచ్చిన తొలి గ్రంథాలలో అదొకటి.

మరో రకం మరుపు ఇంకా ఆశ్చర్యం కలిగిస్తుంది. 1966లో ఫ్రెడరిక్ ఎవాన్స్, వెండీ థార్న్ దీన్ని వర్ణించారు. హిప్నాసిస్‌లో ఉన్నవారికి ఎక్కువమందికి తెలియని ఒక సంగతి చెబుతారు. ఊదారంగు అమెథిస్ట్ రాయిని వేడిచేస్తే పసుపు రంగులోకి మారుతుందన్నది వారు వాడిన ఉదాహరణ. మేలుకున్నాక ఆ రాయి ఏ రంగుకు మారుతుందని అడిగితే కొందరు పసుపు అని సరిగ్గానే చెబుతారు. ఎలా తెలుసని అడిగితే ఎక్కడో చదివానంటారు, ఎవరో నగల పనివారు చెప్పారంటారు. విషయం నిలిచింది, వచ్చిన దారి పోయింది. ఆ ఖాళీని మనసు తనకు తెలియకుండానే ఒక నమ్మదగిన కారణంతో నింపేసింది. అబద్ధం చెబుతున్నామన్న ఊహ కూడా వారికి ఉండదు. సాక్ష్యాల సంగతి వచ్చేసరికి ఈ చిన్న ప్రయోగమే పెద్ద హెచ్చరిక అవుతుంది.

హిప్నాసిస్ ముగిశాక మరుపు వస్తుందన్న సంగతి మొదట ఫ్రాన్సులో నమోదైంది. 1784లో మార్క్వీ ద ప్విసెగూర్ తన పొలాల్లో పనిచేసే విక్టర్ రాస్ అనే రైతుకు మెస్మర్ అనే వైద్యుడి పద్ధతిలో (మెస్మరిజం) వైద్యం చేస్తుండగా, అతను కళ్లు మూసుకొని స్పష్టంగా మాట్లాడాడు, మేలుకున్నాక ఏమీ తెలియదన్నాడు. అప్పటివారు దీన్ని ఏదో అయస్కాంత ద్రవం మహిమగా భావించారు. ద్రవమూ లేదు, అయస్కాంతమూ లేదు, ఉన్నదంతా ఎదుటి మనిషి మనసులోనే ఉందని గట్టిగా చెప్పిన తొలివారిలో ఒకడు భారతదేశంలో పుట్టినవాడే. గోవాలోని కాండోలిం గ్రామంలో 1756లో పుట్టిన అబ్బే ఫారియా 1813లో పారిస్‌లో బహిరంగ ప్రదర్శనలు ఇస్తూ ఈ మాటే చెప్పాడు. ఆయన విగ్రహం నేడు పణజిలో ఉంది. మన పాఠ్యపుస్తకాల్లో ఆయనకు దొరకవలసిన చోటు ఇంకా దొరకలేదు.

బెంగాల్‌లోని హుగ్లీలో జేమ్స్ ఎస్డెయిల్ అనే వైద్యుడు 1845 ఏప్రిల్ 4న ఒక ఖైదీకి మెస్మరిజంతో శస్త్రచికిత్స మొదలుపెట్టాడు. తరువాత పెద్ద పెద్ద కంతులను ఇదే పద్ధతిలో తొలగించాడు. లేచాక తమకు కోసిన సంగతే తెలియదన్న రోగులున్నారు. అది నొప్పి లేకపోవడమో, నొప్పి కలిగీ గుర్తుకు రాకపోవడమో తేల్చే సాధనాలు అప్పటికి లేవు. 1846లో ఈథర్, మరుసటి ఏడాది క్లోరోఫామ్ రావడంతో మెస్మరిజం వెనక్కి తగ్గింది. నాలుగు దశాబ్దాల తరువాత 1888, 1889లలో హైదరాబాదు క్లోరోఫామ్ కమిషన్ల పేరుతో జరిగిన పరీక్షలు ప్రపంచ వైద్య పత్రికలకెక్కాయి. మత్తుమందు మీద పరిశోధనకు నిజాం రాజ్యం అలా వేదికైంది. మాటతో వచ్చే మత్తు మీద అటువంటి పరిశోధన ఆ కాలంలో ఇక్కడ జరగలేదు.

ఫ్రాన్సులో నాన్సీ నగరపు వైద్యుడు ఇపొలీత్ బెర్న్‌హైమ్ ఒక చిన్న పని చేశాడు. హిప్నాసిస్‌లో జరిగిందేదీ గుర్తు లేదన్న రోగి నుదుటిమీద చేయి వేసి, గుర్తుంది, చెప్పు అని పట్టుబట్టాడు. రోగి కాసేపు తటపటాయించి ఒక్కొక్కటే చెప్పడం మొదలుపెట్టాడు. 1889లో నాన్సీ వెళ్లిన సిగ్మండ్ ఫ్రాయిడ్ ఇది స్వయంగా చూశాడు. గుర్తు లేదనేది నిజానికి గుర్తుండి అందనిదేనన్న ఆలోచన ఆయన తొలి చికిత్సా పద్ధతికి పునాది అయింది. మరుపు మూత మాత్రమేనని బెర్న్‌హైమ్ సరిగ్గా చూపాడు. పట్టుబట్టి తీసినదంతా నిజమేనని అనుకోవడంలో తరువాతివారు ఒక అడుగు ఎక్కువ వేశారు.

ఈ మరుపు ఎలా కలుగుతుందన్న దానిపై పండితులలో ఇప్పటికీ ఏకాభిప్రాయం లేదు. జ్ఞాపకాన్ని వెతికి తెచ్చే క్రమం తాత్కాలికంగా చెదురుతుందని ఎవాన్స్, కిల్‌స్ట్రమ్ 1973లో చూపారు. మామూలు మనిషి జరిగినవాటిని జరిగిన వరసలో చెబుతాడు. మరుపు సూచన అందుకున్నవారికి కొన్ని సంగతులు అందినా ఆ వరస తప్పుతుంది. దారం తెగిన పూసల్లా ఒకటి ఇక్కడ, ఒకటి అక్కడ దొరుకుతాయి. హిల్గార్డ్ మరో కోణం చూశాడు. ఎరుక ఒకే ముద్ద కాదనీ, అందులో భాగాలుంటాయనీ, హిప్నాసిస్‌లో ఒక భాగానికి తెలిసినది మరో భాగానికి అందకుండా విడిపోతుందనీ ఆయన వాదం. నికొలాస్ స్పానోస్, విలియం కో వంటివారు దీన్ని ఒప్పుకోలేదు. మనిషి తననుంచి ఆశించినదాన్ని గ్రహించి, దృష్టిని పక్కకు మళ్లించి, మరిచినవాడి పాత్రలో లీనమవుతాడని వారు చెప్పారు. లీనం కావడం వేరు, మోసం చేయడం వేరు. వారి వాదాన్ని ‘అంతా నటనే’ అని కుదించడం వారికి అన్యాయం చేయడమే.

నటనేనా అన్న సందేహాన్ని తీర్చడానికి మార్టిన్ ఆర్న్ 1959లో చక్కటి పద్ధతి ఒకటి ప్రతిపాదించాడు. హిప్నాసిస్‌కు లొంగని కొందరిని లొంగినట్టు నటించమని రహస్యంగా చెప్పి, నిజంగా లొంగినవారితో పాటు, ఎవరు నటులో తెలియని పరిశోధకుడి ముందుకు పంపుతారు. ఈ రెండు వర్గాల ప్రవర్తనలో తేడా ఉంటే ఆ తేడా హిప్నాసిస్‌ది. లేకపోతే ఎదుటివారి ఆశలకు తగ్గట్టు నడుచుకున్నా అంతే వస్తుందన్నమాట. మరో రకం ప్రయోగాల్లో, నిజం చెప్పి తీరాలని ఒత్తిడి చేసినప్పుడు కొందరు మరుపు వీడి చెప్పేస్తారు, కొందరు ఎంత ఒత్తిడికీ చెప్పలేరు. కావాలని ఆపుకున్నామనుకున్నవారు త్వరగా చెప్పేశారు. తమ చేతిలో లేదని భావించినవారిలో మరుపు గట్టిగా నిలిచింది. బయటికి ఒకేలా కనిపించే మరుపు వెనక ఒకటికంటే ఎక్కువ దారులున్నాయని దీన్నిబట్టి ఊహించవచ్చు.

మెదడులో ఏం జరుగుతుందో చూడడానికి ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థలో యాదిన్ దుదాయ్, అవీ మెండెల్సన్ బృందం చేసిన ప్రయోగం 2008లో ప్రచురితమైంది. పాల్గొన్నవారికి 45 నిమిషాల సినిమా ఒకటి చూపించారు. వారం తరువాత స్కానర్‌లో పడుకోబెట్టి, హిప్నాసిస్‌లో ఆ సినిమాను మరిచిపొమ్మని సూచించారు. తరువాత సినిమాలోని సంగతుల మీద, సినిమా చూసిన సందర్భం మీద ప్రశ్నలు వేశారు. బాగా స్పందించేవారు సినిమా సంగతుల్లో తడబడ్డారు, సందర్భం గురించి మాత్రం సరిగ్గా చెప్పారు. ఆ సమయంలో చూపుకు సంబంధించిన వెనుక భాగంలోనూ, ఎడమ కణత కొనభాగంలోనూ చురుకుదనం తగ్గింది. ముందుభాగంలో ఒకచోట పెరిగింది. విడుపు సంకేతం ఇవ్వగానే జ్ఞాపకాలూ, మెదడు చురుకుదనమూ మామూలు స్థితికి వచ్చాయి. ఏ జ్ఞాపకాన్ని వెతకాలో, ఏది వద్దో తేల్చే ద్వారపాలకుడు ఒకడు వెతుకులాటకు ముందే అడ్డు నిలిచినట్టుగా ఆ పరిశోధకులు దీన్ని అర్థం చేసుకున్నారు.

సంకేతంతో తిరిగొచ్చే మరుపు అన్న ఊహ మన కథలకు కొత్త కాదు. మునుల శాపంతో హనుమంతుడు తన బలాన్ని మరిచిపోవడం, సముద్రం ఒడ్డున జాంబవంతుడు గుర్తుచేయగానే ఆ బలం తిరిగి తెలియడం తెలుగు పిల్లలందరూ విన్నదే. కాళిదాసు నాటకంలో దుష్యంతుడి మరుపుకు ఉంగరం సంకేతం. బలం పోలేదు, ప్రేమ పోలేదు, ఎరుక మాత్రమే మూతపడింది. వీటిని శాస్త్రానికి రుజువులుగా చూడకూడదు. జ్ఞాపకం ఉండీ అందకపోవచ్చునన్న సంగతిని మన పూర్వులు ఎంత సూక్ష్మంగా గమనించారో తెలుసుకోవడానికి మాత్రం అవి చాలు.

పల్లెలో ఈ విషయానికి అతి దగ్గరగా వచ్చేది పూనకం. రాయలసీమ దేవరల్లో, సుంకులమ్మ, మారెమ్మ, పెద్దమ్మ జాతరల్లో, పీర్ల పండుగలో పూనకం వచ్చినవారు తీరిన తరువాత తరచుగా ఏమీ తెలియదంటారు. ఆ స్థితిలో మాట్లాడినది నేను కాదు, దేవతే అన్నది వారి నమ్మకం. మాట్లాడింది తాను కానప్పుడు జ్ఞాపకమూ తనది కాకపోవడం ఆ నమ్మకానికి సహజమైన కొనసాగింపు. మరిచిపొమ్మని ఎవరూ సూచించకుండానే మరుపు వస్తుంది. ఇలా జరుగుతుందన్న ఊరందరి ఎరుకే ఇక్కడ సూచన. హిప్నాసిస్‌లోనూ మరుపు వస్తుందని ముందే విన్నవారికి సూచన లేకుండానే మరుపు రావడం పరిశోధకులు గమనించారు. పూనకమంతా హిప్నాసిసే అనడం తొందరపాటు. భక్తి, డప్పు, ఉపవాసం, ఊరి బంధుత్వం అన్నీ కలిసిన అనుభవమది. ఆశించినదాన్ని బట్టి మరుపు రూపుదిద్దుకుంటుందన్న ఒక్క విషయంలో మాత్రం రెండూ కలుస్తాయి.

ఈ మరుపుకు ఎదురుగా నిలిచేది అవధానం. ప్రొద్దుటూరులో దుర్భాక రాజశేఖర శతావధాని, గడియారం వేంకట శేషశాస్త్రి జంటగానూ, తరువాతి తరంలో సి.వి. సుబ్బన్న శతావధాని వేదికలెక్కి ఈ విద్యను రాయలసీమలో నిలబెట్టారు. సమస్య, దత్తపది, నిషిద్ధాక్షరి ఒకవైపు, అప్రస్తుత ప్రసంగి మాటలు, గంట లెక్క మరోవైపు. దృష్టిని చెదరగొట్టే ప్రయత్నాల నడుమ అవధాని పద్యాలు కట్టి, చివర ధారణలో వరసగా అప్పగిస్తాడు. వరస తప్పడమే హిప్నాసిస్ మరుపుకు గుర్తయితే, వరస నిలవడమే ధారణకు గుర్తు. ఛందస్సు, యతి, ప్రాస అవధానికి పట్టుకొమ్మలు. ఒక అక్షరం చేతికందితే పాదమంతా వెంట వస్తుంది. జ్ఞాపకాన్ని పెంచేది ఏదని వెతికేవారు చూడవలసింది ఈ సాధన వైపే. హిప్నాసిస్ వైపు చూసేవారికి ఎందుకు నిరాశ తప్పదో ఇకమీది భాగం చెబుతుంది.

హిప్నాసిస్ జ్ఞాపకాన్ని మూయగలదు కాబట్టి తెరవగలదని కూడా అనుకోవడం సహజం. 2005లో వచ్చిన ‘అపరిచితుడు’లో హిప్నాసిస్ కింద మనిషి లోపలి నిజం అంతా బయటపడుతుంది. తెలుగు ప్రేక్షకుల మనసులో ఆ బొమ్మ గట్టిగా నాటుకుంది. ఆ నమ్మకానికి అండగా తరచూ చెప్పే సంఘటన ఒకటుంది. 1976 జులైలో కాలిఫోర్నియాలోని చౌచిల్లాలో 26 మంది పిల్లలున్న బడి బస్సును దుండగులు ఎత్తుకుపోయారు. పిల్లలతో కలిసి తప్పించుకున్న డ్రైవర్ హిప్నాసిస్‌లో దుండగుల బండి నంబరును ఒక్క అంకె తేడాతో చెప్పగలిగాడు. దానితో పోలీసుల్లో ఈ పద్ధతికి ఎక్కడలేని గిరాకీ వచ్చింది.

ప్రయోగాలు వేరే సంగతి చెప్పాయి. 1983లో జేన్ డైవన్, కెన్నెత్ బవర్స్ ఒక పరీక్ష చేశారు. బొమ్మలు చూపించి, గుర్తున్నవి పదే పదే రాయించి, ఆ తరువాత కొందరిని హిప్నాసిస్‌లో మళ్లీ రాయమన్నారు. వీరు మామూలు స్థితిలో ఉన్నవారికన్నా కొత్త సంగతులు రెట్టింపు చెప్పారు, తప్పులు మూడు రెట్లు చేశారు. చెప్పినదంతా నిజమేనన్న ధీమా కూడా పెరిగింది. అదే ఏడాది జాన్‌రోక్ లోరాన్స్, కాంప్‌బెల్ పెరీ హిప్నాసిస్‌కు బాగా స్పందించే 27 మందిని ఎంచుకొని, గడిచిన వారంలోని ఒక మామూలు రాత్రి చప్పుడుకు మెలకువ వచ్చినట్టు సూచించారు. తరువాత 13 మంది అది నిజంగానే జరిగిందని నమ్మారు. కొందరు అది సూచన అని చెప్పాక కూడా వినలేదు. పాతర తెరుస్తూ తెరుస్తూ తెరిచేవాడి చేతిలోని గింజలే లోపల పడుతున్నాయి. తరువాత ఏది పాతదో ఏది కొత్తదో ఆ ఇంటివారికే తెలియడం లేదు.

1982లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు హిప్నాసిస్ తరువాతి సాక్ష్యాన్ని దాదాపుగా తోసిపుచ్చింది. 1985లో అమెరికా వైద్య సంఘం నియమించిన మండలి, హిప్నాసిస్‌లో వచ్చిన జ్ఞాపకాలు మామూలువాటికన్నా నమ్మదగినవి కావని తేల్చింది. మన దేశంలో ఈ చర్చ నార్కో పరీక్షల రూపంలో వచ్చింది. మందుతో మనిషిని సగం మత్తులోకి తీసుకెళ్లి మాట్లాడించే ఆ పరీక్షకూ హిప్నాసిస్‌కూ తేడా ఉంది. అడ్డు తగ్గితే నిజం వస్తుందన్న ఆశ మాత్రం రెండింటిలో ఒకటే. 2010 మే 5న సెల్వి కేసులో సుప్రీంకోర్టు, అంగీకారం లేకుండా నార్కో, పాలిగ్రాఫ్, బ్రెయిన్ మ్యాపింగ్ పరీక్షలు చేయడం రాజ్యాంగంలోని 20(3), 21 అధికరణాలకు విరుద్ధమని చెప్పింది. అంగీకారంతో చేసినా ఆ మాటలే సాక్ష్యం కావంది. వాటి ఆధారంగా విడిగా దొరికిన వస్తువునూ సమాచారాన్నీ మాత్రం చట్టప్రకారం స్వీకరించవచ్చు. జ్ఞాపకం గురించి శాస్త్రం చెప్పినదానికి ఈ తీర్పు చక్కగా సరిపోతుంది. మాట ఎలా వచ్చినా, దాన్ని బయటి ఆధారంతోనే తూచాలి.

పూర్వజన్మలోకి తీసుకెళ్తామనే హిప్నాసిస్‌కూ ఇదే తూకం వర్తిస్తుంది. 1991లో స్పానోస్ బృందం ప్రచురించిన పరిశోధనలో, ముందే ఏం చెబితే పూర్వజన్మ కథలు దానికి తగ్గట్టు మారాయి. ఆ కథలు చెప్పినవారు అబద్ధమాడలేదు. ఎక్కడో చదివినవీ, విన్నవీ, చూసినవీ వచ్చిన దారి మరిచి తిరిగొచ్చాయి. అమెథిస్ట్ రాయి ప్రయోగంలో కనిపించినదే ఇక్కడ పెద్ద రూపంలో కనిపిస్తుంది.

పోటీ పరీక్షల శిక్షణకు పేరున్న నంద్యాలలో, దాని చుట్టుపక్కల ఊళ్లలో, హాలులో కూర్చోగానే చదివినదంతా చెరిగిపోయిందని బాధపడే పిల్లలు ప్రతి ఏటా కనిపిస్తారు. బయటికొచ్చి బస్సెక్కగానే జవాబు తడుతుంది. ఇది కూడా పోవడం కాదు, రాకపోవడమే. బెదురు మూసిన మూత అది. హిప్నాసిస్ ఇక్కడ ఆందోళన తగ్గించడంలో సాయపడవచ్చు. చదవనిదాన్ని తెప్పించలేదు, ఒక్కసారి చదివినదాన్ని పదిసార్లు చదివినంత గట్టిగా చేయనూ లేదు. చూడకుండా అప్పజెప్పుకోవడం, రోజులు విడిచి మళ్లీ చదవడం, పాత ప్రశ్నపత్రాలు రాసి చూడడం, ఇవే జ్ఞాపకానికి దారులు వేస్తాయి. బాధాకరమైన జ్ఞాపకాన్ని హిప్నాసిస్‌తో తుడిచేయవచ్చన్న ఆశ కూడా ఇలాంటిదే. మూయగలిగినా అది కొద్దికాలమే. లోపలిది భయంగా, ఉలికిపాటుగా పనిచేస్తూనే ఉంటుంది. అందుకే మానసిక వైద్యులు మరుపును చికిత్సగా ఎంచుకోరు. ఆ జ్ఞాపకాన్ని భయం లేకుండా తలుచుకోగలిగే స్థితికి చేర్చడం మీద దృష్టి పెడతారు.

వేదిక మీదైనా, వైద్యశాలలోనైనా, ప్రయోగశాలలోనైనా మరుపు సూచన ఇచ్చినవారు దాన్ని ఎత్తివేయకుండా ఆ మనిషిని పంపకూడదు. సంకేతం ఇవ్వాలి, అంతా గుర్తొచ్చిందా అని అడగాలి, రానివాటిని ఒక్కొక్కటే గుర్తుచేయాలి. సంకేతం తరువాత కూడా కొందరిలో కొంత మరుపు కాసేపు మిగిలి ఉంటుందని కిల్‌స్ట్రమ్, ఎవాన్స్ 1977లోనే గమనించారు. సంకేతం ముందు బాగా మరిచినవారిలోనే ఈ మిగులు ఎక్కువ. అటువంటివారిని వెంటనే లేపి పంపకుండా కొద్దిసేపు కూర్చోబెట్టి, జరిగిన వరసంతా మొదటినుంచి వారి నోటనే చెప్పించి, వరస తప్పకుండా వచ్చాకే వదలాలి.